ఒక్కసారే తట్టినవాడు

అక్టోబరు 21

ముసలి కోల్‌బెయిన్‌ని ఇవాళ పాతిపెట్టాం. మా ఆయన ఇల్లుగి నాన్న కాలం నుంచీ మా గొర్రెలు కాసిన మనిషి. చివరి రోజుల్లో పడకలోంచి లేవకుండానే ఇంట్లో అందరినీ పేరుపేరునా తిట్టాడు. నన్ను పులిసిపోయిన పెరుగు అన్నాడు. పోయినవాణ్ణి ఏమీ అనకూడదు కాబట్టి ఊరుకుంటున్నాను, లేకపోతే నా దగ్గరా మాటలున్నాయి.

అత్త ఓడ్నీ చెప్పినట్టే అన్నీ జరిపించాం. పడకల గది వెనక గోడకి కన్నం కొట్టి, కాళ్ళవైపు ముందుగా శవపేటికని అందులోంచి బయటికి తీశారు. తలుపులోంచి తీసుకెళితే ఆ దారి గుర్తుపెట్టుకుంటాడు. తర్వాత రాళ్ళన్నీ తిప్పి పేర్చి, సందుల్లో గడ్డిమట్టి కూరి మూసేశారు. ఇన్నాళ్ళూ లోపలికి చూసిన ముఖం బయటికి, బయటి ముఖం లోపలికి. ఒకవేళ లేచి వచ్చినా తను వెళ్ళిన చోటు పోల్చుకోలేడు.

నా మరిది టోర్ఫీ రాళ్ళు అందిస్తూ, "వాడికి బతికుండగానే కళ్ళు కనపడేవి కావు, ఈ యాతనంతా ఎందుకే అమ్మా?" అన్నాడు. అత్త చేతికర్ర వాడి వీపు మీద పడింది. గడ్డం వచ్చిన మగాడు, చంటిపిల్లాడిలా అరిచాడు. ఇల్లుగి నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగాడు.

ఈ పుస్తకం కూడా ఇల్లుగి తెచ్చిందే. "నీ నోరు భరించడం నా వల్ల కావడం లేదు, సగం కాగితం మీద పెట్టు" అని ఇచ్చాడు. పెడుతున్నాను. మిగతా సగం అతనికే.

అక్టోబరు 30

దీపం వెలిగించే వేళ తలుపు మీద ఒక్క దెబ్బ.

పనిపిల్ల గ్రోవా చేతిలో పాలకుండ జారి పగిలింది. టోర్ఫీ లేవబోయాడు. "కూర్చో" అంది అత్త. "బతికున్నవాడు మూడుసార్లు తడతాడు. ఒక్కసారి తట్టేది ఎవరో నేను చెప్పాలా నీకు?"

రెండో దెబ్బ కోసం అందరం చెవులు రిక్కించి కూర్చున్నాం. రాలేదు. ఇల్లుగి ఎండుచేప నములుతూ, "కోల్‌బెయిన్ అయితే తట్టడమ్మా, బూతులు తిట్టుకుంటూ తోసుకొచ్చేస్తాడు" అన్నాడు. కానీ అతనూ లేవలేదు. నేను చూశాను.

నవంబరు 12

మళ్ళీ తట్టింది. ఈసారి పైకప్పు మీద కూడా ఏదో. ఎవరో ఇంటిని గుర్రంలా ఎక్కి కూర్చుని మడమలతో తన్నుతున్నట్టు. పొద్దున చూస్తే పాకలో ఒక గొర్రె నడుము విరిగి పడి ఉంది. గాలికి దూలం పడిందని ఇల్లుగి. కోల్‌బెయిన్ పనేనని అత్త. మాంసం ఉప్పులో వేసుకోవాల్సింది నేను, ఎవరి పనైతే నాకేం.

నవంబరు 28

ఇవాళ ఇల్లుగి మెట్ట దాటి రేవుకి బయల్దేరాడు, పిండికీ ఉప్పుకీ. సూదులు కూడా తెమ్మన్నాను. తెమ్మన్నాను అంటే ఒకసారి కాదు. ఇంట్లో అత్త దగ్గర తుప్పు పట్టినవి తప్ప సూదే లేదు. ఇంతమంది బట్టలు నేను చేపముల్లుతో కుట్టుకు చస్తున్నాను. అతని చేతితొడుగు బొటనవేలి దగ్గర చిరిగితే అలాగే పంపించాను.

"ఉప్పు మర్చిపోయినా సరే, సూదులు లేకుండా ఈ గడప తొక్కావంటే చూడు" అన్నాను.

"తొక్కను. బయట నిలబడి మూడుసార్లు తడతాను. లోపల నీ గొంతు వినపడితే నాలుగోసారి కూడా తడతాను, ఈలోపు పారిపోవాలో వద్దో ఆలోచించుకోవచ్చు."

నవ్వు దాచుకోవడానికి తలుపు వేసేశాను.

డిసెంబరు 8

ఈ వారంలో వచ్చేయాలి. రేవులో ఆగి ఉంటాడు. సారాయి కొట్టు దగ్గర ఆగాడంటే మాత్రం పెద్దగొడవే.

డిసెంబరు 11

మంచు.

డిసెంబరు 12

మంచు. అల్లింది విప్పాను, మళ్ళీ అల్లాను, మళ్ళీ విప్పాను. అత్త, "కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు, ఒకచోట కూర్చో" అంటుంది. కూర్చుంటే చెవులు ఊరుకోవు.

డిసెంబరు 14

సాయంత్రం తలుపు మీద ఒక్క దెబ్బ. బయట ఈదురుగాలి, మంచు, ఏమీ కనపడటం లేదు. నేను లేచాను. టోర్ఫీ నాకంటే ముందు వెళ్ళి గడియ మీద చెయ్యి వేసి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. "ఒక్కటే, వదినా" అన్నాడు. అత్త కూడా "ఒక్కటే" అంది.

నేను కూర్చున్నాను. ఒక్కటే కదా.

అల్లుతున్న మేజోడు మడమ దగ్గర రెండు కుట్లు తప్పాను.

డిసెంబరు 15

ఇల్లుగి నిన్ననే వచ్చాడు.

డిసెంబరు 19

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. రాస్తాను.

ఆ మర్నాడు పొద్దున టోర్ఫీ గడియ తీస్తే తలుపు రాలేదు. అవతల బరువు ఉంది. భుజం పెట్టి తోశాడు. ఇల్లుగి తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి పిడికిలి బిగించి పైకి ఎత్తి ఉంది, అలాగే గడ్డకట్టింది. చేతితొడుగులోంచి బొటనవేలు బయటికి వచ్చి ఉంది. రెండో దెబ్బకి చెయ్యి ఎత్తాడు, అంతలోనే ప్రాణం పోయింది. ఆ చెయ్యి దించడానికి పొయ్యి దగ్గర చాలాసేపు పెట్టాల్సి వచ్చింది.

"మీరేం చేస్తారు, ఒక్కసారే తట్టాడాయె" అంటున్నారు వచ్చినవాళ్ళందరూ. ఒక్కసారే. అవును.

శవానికి చేసే పని ఆడవాళ్ళది. టోర్ఫీని బయటికి పంపేసి అత్తా నేనూ చేశాం. అత్త తలవైపు వెనక నిలబడి కళ్ళు మూసింది. ఎదుట నిలబడితే ఆఖరి చూపు మన మీద పడుతుంది. తర్వాత అరికాళ్ళు. అరికాళ్ళలో సూదులు గుచ్చాలి. లేచి అడుగు వేస్తే నొప్పి పుట్టి వెనక్కి వెళ్ళి పడుకుంటాడు. మగవాళ్ళకి ఇది చెప్పరు. నాకూ అప్పటిదాకా తెలీదు.

అత్త తన సూదులు తీసి చూసింది. తుప్పు పట్టి వంగిపోతున్నాయి. "కొత్తవి ఉన్నాయా?" అంది.

ఉన్నాయి. అతని మూటలో పిండి, ఉప్పు, మైనం పూసిన కాగితంలో చుట్టి సూదులు. తెమ్మన్నాను కదా. తెచ్చాడు.

పాదాలు నేను పట్టుకున్నాను. అత్త సగం దాకా గుచ్చి వదిలేసింది, తలలు బయటికి కనపడేలా. ఆవిడ చెయ్యి వణకలేదు. నాకు ఆవిడ మీద అసహ్యం పుట్టింది. అయినా పట్టుకునే ఉన్నాను.

గోడ పగలగొట్టారు, తీసుకెళ్ళారు. నేల ఉక్కులా ఉంది, వసంతం దాకా గొయ్యి తవ్వడం అవదు. అందాకా పేటిక పొలం దిగువన ఉన్న మా చిన్న చర్చిలోనే ఉంటుంది. గోడలో చివరి రాయి ఇల్లాలు పెట్టాలి. పెట్టాను.

"అన్నీ తిప్పావా?" అని అడిగింది అత్త.

"తిప్పాను అత్తా."

డిసెంబరు 20

ఆ చివరి రాయికి ఒక తెల్లటి చార ఉంది. పెళ్ళైన కొత్తలో ఇల్లుగి పడుకుని దాన్ని వేలితో గీస్తూ ఉండేవాడు, ఇది రేవుకి దారి, ఇదిగో ఇక్కడ మన ఇల్లు అని. ఇవాళ పడుకుని చూస్తే చార ఇటే ఉంది, ఎప్పుడూ ఉన్నట్టే. హడావిడిలో తిప్పడం మర్చిపోయి ఉంటాను. మర్చిపోయాననే అనుకుందాం.

తర్వాత తిప్పుతాను. ఇప్పుడు మట్టి గడ్డకట్టేసింది.

డిసెంబరు 25

పండగ. అందరికీ తలో కొవ్వొత్తి. ఇల్లుగి కొవ్వొత్తి కూడా వెలిగించి పెట్టాను. టోర్ఫీ నా ఎదురుగా కూర్చున్నాడు. నా పళ్ళెం తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. గడియ మీద వేసిన ఆ చేత్తోనే రొట్టె తింటున్నాడు. ఎలా దిగుతుందో గొంతులో.

జనవరి 6

ఇవాళ తేలింది. పైకప్పు మీది ఎండుగడ్డి ఎగిరిపోకుండా తాళ్ళకి రాళ్ళు కట్టి వేలాడదీస్తాం కదా. అందులో ఒక తాడు వదులై, గాలి ఉత్తరం నుంచి వీచినప్పుడల్లా రాయి ఊగి తలుపు పైచెక్కకి కొడుతోంది. నా కళ్ళ ముందే కొట్టింది. ఒక్క దెబ్బ. మళ్ళీ గాలి తిరిగేదాకా ఏమీ లేదు.

రాయి! అక్టోబరు చివరి నుంచీ మేము వణికిపోయింది ఒక రాయిని చూసి. పాపం కోల్‌బెయిన్ గోతిలో బుద్ధిగా పడుకునే ఉన్నాడు. ఆ రాయి అంతకుముందు తట్టకపోయి ఉంటే ఇల్లుగి తట్టిన రోజు మేం భయపడేవాళ్ళం కాదు, తలుపు తీసేవాళ్ళం.

కత్తి తెచ్చి తాడు కోసేశాను. రాయిని గడ్డివాము అవతలికి విసిరాను. భుజం పట్టేసింది. లోపలికొచ్చి టోర్ఫీ వినేలా అత్తకి చెప్పాను. వాడి మొహం పాలిపోయింది. బాగైంది అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అంత బాగా లేదు. అయినా బాగైంది.

జనవరి 19

పాకలో పాలు పితుకుతుంటే టోర్ఫీ వచ్చి నిలబడ్డాడు.

"వదినా, ఒక్క తిట్టు తిట్టు. నీ నోటికి ఊరంతా భయపడుతుంది కదా, నన్నొక్కణ్ణీ ఎందుకు వదిలేశావ్?"

నేను ఆవుతో మాట్లాడాను, కాలు జరుపు అని.

"తలుపు నేను ఒక్కణ్ణే వేసుకు కూర్చున్నానా? అమ్మ అంది. నువ్వూ కూర్చున్నావు."

పాలకుండ తీసుకుని వచ్చేశాను.

జనవరి 27

ఇల్లుగి మేజోళ్ళు పొయ్యి పైన ఆరేస్తున్నాను. తడిసి ఉన్నాయని కాదు. ఊరికే.

ఫిబ్రవరి 2

రాయి తిప్పలేదు. ఆ సందులోంచి సన్నగా గాలి వస్తోంది, మొహానికి తగులుతోంది. చలిగా ఉండదు. గ్రోవా చూసి, "అక్కా, మట్టి కూరనా?" అంది. వద్దన్నాను. అత్త మంచం కూడా అటుపక్కే. ఆవిడ ఏమీ అనడం లేదు. చూపు ఆనడం లేదేమో.

పక్కింటివాళ్ళు చెప్పుకుంటున్నారు, తిరిగొచ్చేవాళ్ళు తమవాళ్ళని కూడా పోల్చుకోరట. ముందు ప్రేమించినవాళ్ళనే పట్టి పీడిస్తారట. గొంతు పిసుకుతారట, నడుము విరుస్తారట. విన్నాను. పిసకనీ. పిసకడానికైనా రానీ.

ఫిబ్రవరి 9

కలలో తలుపు తీశాను. మెలకువ వచ్చి చూస్తే నిజంగానే గడియ దగ్గర నిలబడి ఉన్నాను, చెప్పుల్లేకుండా. ఎవరూ తట్టలేదు.

ఫిబ్రవరి 12

పొద్దున ఆకాశం పసుపుగా ఉంది. మెట్ట అంచున మేస్తున్న గొర్రెల్ని దించుకురావాలి, మంచు వచ్చేలా ఉంది. అది ఇల్లుగి పని. ఇప్పుడు టోర్ఫీది. తలుపు దగ్గర తొడుగులు వేసుకుంటూ, "ఆలస్యమైతే కంగారు పడకు అమ్మా, మూడుసార్లు తడతాను" అన్నాడు.

ఇన్ని రోజుల తర్వాత వాడితో మాట్లాడాను. ఏమన్నానో యథాతథంగా రాస్తున్నాను.

"తట్టు. ఎన్నిసార్లు తడతావో మేం లోపల కూర్చుని లెక్కపెట్టుకుంటాం."

వాడు నా మొహంలోకి చూశాడు. అత్త, "హల్బెరా!" అంది. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళైందో. వాడు వెళ్ళిపోయాడు. టోపీ మర్చిపోయాడు.

మధ్యాహ్నం. మంచు మొదలైంది.

గొర్రెలు కొన్ని వాటంతటవే వచ్చేశాయి. వాడు రాలేదు. పాకలో తలదాచుకుని ఉంటాడు. నాకేం, వాడికి కాళ్ళు లేవా.

అల్లింది విప్పాను.

గ్రోవా కిటికీ మీది మంచు గోకుతోంది, గోకొద్దని కసిరాను. అత్త దుప్పటి అంచుని వేళ్ళతో మెలిపెడుతోంది, చూడలేక కళ్ళు తిప్పుకుంటున్నాను. నాకేం అని రాశాను కదా పైన. కొట్టెయ్యను, ఉండనీ. దీపం

ఫిబ్రవరి 14

దీపం వెలిగిస్తూండగా తట్టింది. అందుకే అక్కడ ఆపేశాను.

ఒక్కటే. గట్టిగా, తలుపు మధ్యలో. రాయి కాదు, రాయిని నా చేత్తో నేనే విసిరేశాను.

రెండోది రాలేదు. నేను లేచాను. గ్రోవా వచ్చి నా పావడా పట్టుకుంది.

"అక్కా వద్దు! ఒక్కటే! ఒక్కటే తట్టింది!"

"విన్నానే. అందుకే" అన్నాను.

అత్త చెయ్యి ఎత్తింది, ఆగమన్నట్టో, వెళ్ళమన్నట్టో. నేను గడియ తీశాను. టోర్ఫీ గురించి ఆ క్షణం నా మనసులో ఏమీ లేదు. నిజం ఇది. ఇల్లుగి వచ్చాడనే తీశాను. గొంతు పిసికినా సరే, నడుము విరిచినా సరే, ఈసారి లోపలికి రానివ్వాలనే తీశాను. "రావయ్యా" అన్నాను కూడా.

ఎవరూ లేరు. మొహాన మంచు కొట్టింది. దీపం ఆరిపోయింది. "ఇల్లుగీ" అని పిలుస్తూ బయటికి అడుగు వేశాను. ఇంకొన్ని అడుగులు వేశాను. కాలికి ఏదో మెత్తగా తగిలి ముందుకు పడ్డాను.

టోర్ఫీ. పిడకల కుప్ప పక్కన ముడుచుకుని పడి ఉన్నాడు. సగం మంచు కప్పేసింది. నెత్తిన టోపీ లేదు.

గ్రోవా కాళ్ళు పట్టింది, నేను చంకలు పట్టాను. లోపలికి ఎలా ఈడ్చుకొచ్చామో తెలీదు. అత్త మంచం దిగింది. ఇల్లుగిని తీసుకెళ్ళిన రోజు నుంచీ మంచం దిగని మనిషి, నేల మీద పాక్కుంటూ వచ్చి వాడి పాదాలు తన పొట్టకి అదుముకుంది. ఊపిరి ఉంది.

ఆ పిడకల కుప్ప దగ్గర నుంచి చెయ్యి ఎంత చాచినా తలుపు అందదు. ఇది మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఫిబ్రవరి 17

టోర్ఫీ కుడిచేతి వేళ్ళు రెండు నల్లబడ్డాయి, ఉండవు. మనిషి ఉంటాడు.

ఫిబ్రవరి 19

టోర్ఫీ ఇవాళ లేచి కూర్చుని జావ తాగాడు. నేనే పట్టించాను, చేతులకి కట్లున్నాయి.

"నువ్వే తీశావటగా వదినా. గ్రోవా చెప్పింది."

"నువ్వు తట్టావుగా" అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. "తట్టలేదు. అసలు తలుపు దాకా రానేలేదు. చేతులు రాయైపోయాయి. ఇల్లు ఎటో కూడా తెలీలేదు, మోకాళ్ళ మీద పాకుతున్నాను. అప్పుడు ముందు ఎవరో నడుస్తున్నట్టు వినపడింది. మన మనిషే ఎవరో వెతకడానికొచ్చారు అనుకున్నాను. ఆ చప్పుడు పట్టుకునే పాకాను."

"ఎవరు?" అంది అత్త తన మంచంలోంచి.

"కనపడలేదమ్మా. నడక ఒక్కటే. కాళ్ళకి దెబ్బ తగిలినవాడి నడక. ముళ్ళ మీద అడుగు వేస్తున్నట్టు, ఒక అడుగు వేసి ఆగడం, ఇంకో అడుగు వేసి ఆగడం. ఎవరో గానీ చాలా నొప్పితో నడిచాడు. మన వాకిట్లోకి వచ్చాక ఆ చప్పుడు ముందుకెళ్ళిపోయింది, నేను పడిపోయాను. తర్వాత తెలీదు. పక్కింటివాళ్ళలో ఎవరికైనా కాలు బాలేదా?"

చెంచా నా చేతిలోనే ఉండిపోయింది. అత్తకేసి చూశాను. ఆవిడ నాకేసి చూస్తోంది. వాడికి తెలీదు. అరికాళ్ళ సంగతి మా ఇద్దరికే తెలుసు.

"జావ చల్లారిపోతోంది, తాగు" అన్నాను వాడితో.

వాడు నిద్రపోయాక అత్త నన్ను దగ్గరికి రమ్మంది. ఏడుస్తోంది. కొడుకు పోయిన రోజు ఏడవలేదు, కళ్ళు మూస్తూ ఏడవలేదు, సూదులు గుచ్చుతూ ఏడవలేదు.

"చిన్నప్పుడు కాల్లో ముల్లు దిగితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడే. తీస్తానంటే కాలు ఇచ్చేవాడు కాదు. నొప్పి పుడితే వెనక్కి పోతాడనుకున్నాను. వాడు పోలేదే. నేను గుచ్చిన సూదుల మీద నడిచి తమ్ముణ్ణి తీసుకొచ్చాడు."

నేనూ ఏడ్చాను. ఆవిడ మీద అసహ్యం పుట్టిందని రాసుకున్నాను కదా. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకునే ఏడ్చాను.

"ఆ చార రాయి తిప్పెయ్, తల్లీ" అంది కొంతసేపటికి.

"నీకు తెలుసా?"

"మొదటి రోజే చూశాను."

"మరి అనలేదేం?"

"అంటే తిప్పేదానివి" అంది.

ఫిబ్రవరి 20

తిప్పలేదు. రేపు.

ఫిబ్రవరి 23

గోడ దాకా వెళ్ళాను. వచ్చేశాను. ఇంకొక్కసారి వస్తాడేమో. ఒక్కసారి. నేను తలుపు తీసినప్పుడు అక్కడ లేడు కదా, చూడనే లేదు కదా. రావయ్యా అన్నది విన్నాడో లేదో.

రావడం అంటే ఎలా రావడమో ఇప్పుడు నాకు తెలుసు. అయినా ఇంకొక్కసారి అనుకుంటున్నాను. ఎంత పాపిష్టిదాన్ని.

మార్చి 4

వాన. మంచు మెత్తబడింది. టోర్ఫీ నడుస్తున్నాడు. అత్తని చెక్కబండి మీద కూర్చోబెట్టి, తాడు రొమ్ముకి కట్టుకుని చర్చి దాకా లాగాడు. ఎందుకని అడగలేదు. లోపలికి రావద్దంటే బయటే నిలబడ్డాడు.

పేటిక తెరిచాం. చలికి అలాగే ఉన్నాడు, గడ్డం కాస్త పెరిగినట్టుంది. అత్త, "గుచ్చింది నేను, తీసేదీ నేనే" అంది. పాదాల మీది గుడ్డ తప్పించాను.

సగం దాకా గుచ్చి వదిలిన సూదులు. తలలు బయటికి కనపడేలా వదిలిన సూదులు. ఒక్కటీ కనపడలేదు. తలలతో సహా లోపలికి దిగిపోయి ఉన్నాయి. మనిషి బరువంతా మోపితే దిగినట్టు.

అత్త గోళ్ళతో వెతికి తీసింది. ఈసారి ఆవిడ చెయ్యి వణికింది. ఒక్కొక్కటి తీస్తూ, "అయిపోయింది నాన్నా, అయిపోయింది, ఇంకొక్కటే" అంటోంది, పసివాడితో అన్నట్టు. అన్నీ తీశాక పాదాలకి వెన్న రాసింది. నేను పొయ్యి పైన ఆరేసిన మేజోళ్ళు తొడిగాను.

బయటికి వస్తే టోర్ఫీ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మా మాటలు విన్నాడో ఏమో, మొహమంతా తడిగా ఉంది. వాన అన్నాడు. వానే అన్నాను.

తిరిగొచ్చి గడ్డపలుగు తీసుకున్నాను. టోర్ఫీ సాయం వస్తానంటే కట్టు తడిసిపోతుంది వద్దన్నాను. "అయితే తిట్టనైనా తిట్టు, ఊరికే నిలబడలేను" అన్నాడు. పనికిమాలినవాడా, దున్నపోతా, టోపీ పెట్టుకోవడం చేతకానివాడా అని తిట్టాను. వాడికి నవ్వు వచ్చింది. నాకూ.

రాయి తిప్పాను. చార ఇప్పుడు అటువైపు ఉంది. సందులో మట్టి కూరాను, గాలి ఆగిపోయింది. చలి తగ్గాలి కదా, తగ్గలేదు.

ఇకమీదట ఈ ఇంట్లో ఒక్కసారి తట్టినా తలుపు తీయాలని అత్త చెప్పేసింది. ఎవరైనా సరే, ముందు తీసి తర్వాత చూసుకోండి అంది. గ్రోవా బిక్కమొహం వేసింది. అలవాటు పడుతుంది.

మార్చి 5

సూదులు పాతిపెట్టమంది అత్త. సరేనన్నాను, కడిగి నా పెట్టెలో పెట్టుకున్నాను. ఒకటి బయట ఉంచాను. టోర్ఫీ కుడిచేతికి పాత తొడుగు సరిపోవడం లేదు, లేని వేళ్ళ చోటు మూసేసి కుడుతున్నాను. తోలు మందంగా ఉంది. అయినా సూది వంగడం లేదు.

మంచివే తెచ్చావయ్యా, ఇల్లుగీ.